మీరు ఉంటున్న అమెరికా ఊరిలో బానిసత్వపు ఆనవాళ్లను చదవడం ఎలా

హ్యూస్టన్ పక్కనున్న షుగర్ ల్యాండ్, అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఫోర్సైత్ కౌంటీ, న్యూజెర్సీలోని ఎడిసన్ అనేవి అమెరికాలో స్థిరపడిన తెలుగువారి చిరునామాల్లో తరచుగా కనిపించే పేర్లు. గుడి దగ్గర, బడి మంచిది, ఇళ్లు కొత్తవి అన్న మాటలతోనే ఈ ఊళ్లను మన బంధువులకు పరిచయం చేస్తాం. అయితే ఈ మూడు చోట్లకూ బానిసత్వంతోనో, అది రద్దయ్యాక దాని స్థానంలో నిలబెట్టిన ఏర్పాట్లతోనో నేరుగా సంబంధం ఉంది. ఎవరి ఇంటి విలువ ఎంత, ఎవరి బడికి నిధులెన్ని, ఎవరి పూర్వీకుల సమాధులు ఎక్కడ అన్న ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో ఆ సంబంధం ఇవాళ్టికీ కనిపిస్తుంది. దాన్ని చదవడానికి చరిత్రలో పట్టా అక్కరలేదు. ఏ కాగితం ఏ కార్యాలయంలో ఉంటుందో తెలిసి, ఓపికగా వెతకగలిగితే చాలు.

అమెరికాలో బానిసత్వం ప్రధానంగా ఒక ఆస్తి చట్టంగా నడిచింది. 1662లో వర్జీనియా వలస రాజ్యం, పుట్టిన బిడ్డ బానిసా స్వతంత్రుడా అన్నది తల్లి స్థితిని బట్టి నిర్ణయమవుతుందని శాసనం చేసింది. ఆ ఒక్క శాసనంతో స్త్రీ గర్భం కూడా యజమాని ఆస్తి లెక్కలోకి వెళ్లిపోయింది, కన్నతండ్రే యజమాని అయినా బిడ్డ బానిసగానే మిగిలాడు. ఆస్తి కాబట్టి మనుషులను అమ్మారు, తాకట్టు పెట్టారు, కూతుళ్లకు పెళ్లి కానుకగా రాసిచ్చారు, వీలునామాల్లో పంచుకున్నారు, జీవిత బీమా చేయించి సొమ్ము తీసుకున్నారు. ప్రతి లావాదేవీకీ కాగితం పుట్టింది. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ కాగితాలలో చాలా భాగం ఇవాళ మీ ఇంటి దస్తావేజు నమోదైన కౌంటీ రికార్డులలోనే, పాత సంపుటాల్లో ఉంటుంది. అందుకే ఈ వెతుకులాటను మ్యూజియంతో కాకుండా కౌంటీతో మొదలుపెట్టమని నా సలహా.

కౌంటీ రికార్డులతో మొదలుపెట్టడం

ముందుగా మీ కౌంటీ ఏ సంవత్సరంలో ఏర్పడిందో, అంతకు ముందు ఆ భూమి ఏ కౌంటీలో ఉండేదో తెలుసుకోండి, ఎందుకంటే కౌంటీలు విడిపోయినప్పుడు పాత రికార్డులు సాధారణంగా మాతృ కౌంటీలోనే ఉండిపోతాయి. ఉదాహరణకు ఫోర్సైత్ కౌంటీ 1832లో చెరొకీ ప్రజల నేల మీద ఏర్పడింది, ఆ ప్రజలను 1838లో సైన్యం పడమటికి తరిమివేసింది. కాబట్టి జార్జియాలో భూమి చరిత్ర చదివేవారు బానిసత్వం కన్నా ముందు మరొక అన్యాయాన్ని దాటుకుని వెళ్లవలసి ఉంటుంది. అంతర్యుద్ధంలోనూ ఆ తరువాతి అగ్నిప్రమాదాల్లోనూ రికార్డులు కాలిపోయిన కౌంటీలు దక్షిణాదిలో చాలా ఉన్నాయి. మీది అటువంటిదైతే పన్నుల జాబితాలు, పాత వార్తాపత్రికలు ఆసరా అవుతాయి.

కౌంటీ కార్యాలయాల్లో రెండు రకాల సంపుటాలు అడగండి. మొదటివి ఆస్తి బదిలీ దస్తావేజులు, వీటికి అమ్మినవారి పేర్లతో ఒకటి, కొన్నవారి పేర్లతో ఒకటి చొప్పున సూచికలు ఉంటాయి. రెండవవి చనిపోయిన వారి ఆస్తి వివరాలు, అంటే వీలునామాలు, ఆస్తి మదింపు జాబితాలు. మదింపు జాబితా చదవడానికి మనసును సిద్ధం చేసుకోవాలి. గుర్రం, నాగలి, మంచం, ఆ తరువాతి గీత మీద ఒక స్త్రీ పేరు, ఆమె బిడ్డ పేరు, ఎదురుగా డాలర్లలో వెల, ఈ వరుసలోనే అది ఉంటుంది. ఇంటిపేరు ఉండదు. అయినా చాలామంది బానిసల పేర్లు కాగితం మీద మిగిలినది ఇటువంటి జాబితాల్లోనే కాబట్టి, వాటిని చూసినప్పుడు ఊరు, తేదీ, సంపుటం, పుట సంఖ్యతో సహా రాసి పెట్టుకోండి. వారి వారసులకు ఒక్కొక్కసారి అదే ఏకైక ఆధారం.

తరువాత జనాభా లెక్కలు చూడాలి. 1850, 1860 లెక్కల్లో బానిసల కోసం వేరే పట్టికలు ఉన్నాయి. వాటిలో యజమాని పేరు ఉంటుంది, బానిసకు వయసు, లింగం, రంగు మాత్రమే ఉంటాయి, పేరు ఉండదు. 1860 పట్టికలో బానిసల ఇళ్ల సంఖ్య కూడా రాశారు. ఆ సంవత్సరం దేశం మొత్తం మీద దాదాపు 39 లక్షల 50 వేల మంది బానిసలుగా లెక్కకు వచ్చారు, టెక్సాస్‌లో 1,82,566 మంది, అంటే రాష్ట్ర జనాభాలో సుమారు 30 శాతం. వీరందరినీ మొదటిసారిగా పేరుతో, ఇంటిపేరుతో, కుటుంబంతో నమోదు చేసింది 1870 జనాభా లెక్క. ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాల్లో వంశచరిత్ర వెతికేవారు 1870 దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే.

ఆ గోడను దాటే దారులు కొన్ని ఉన్నాయి. 1865 నుంచి 1872 వరకు పనిచేసిన విముక్తుల సహాయ సంస్థ, అంటే ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో, కూలి ఒప్పందాలు, రేషన్ జాబితాలు, వివాహ నమోదులు, దాడుల ఫిర్యాదులు వదిలి వెళ్లింది. 1865లో మొదలై 1874లో దివాళా తీసిన ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు ఖాతా పుస్తకాల్లో ఖాతాదారు తల్లిదండ్రుల పేర్లు, తోబుట్టువుల పేర్లు, కొన్నిచోట్ల పాత యజమాని పేరు కూడా ఉన్నాయి. ఆ బ్యాంకు మునిగినప్పుడు అరవై వేలకు పైగా విముక్తులు దాచుకున్న దాదాపు 30 లక్షల డాలర్లు చిక్కుకుపోయాయి. చాలామందికి పూర్తిగా తిరిగి రాలేదు. ఈ రికార్డులను ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో డబ్బు కట్టకుండా చూడవచ్చు. వీటికి తోడు 1936 నుంచి 1938 వరకు ప్రభుత్వ ఉద్యోగులు ఊరూరా తిరిగి, బానిసలుగా పుట్టి ఇంకా జీవించి ఉన్న 2,300 మందికి పైగా వృద్ధుల మాటలను రాసుకున్నారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో వాటిని రాష్ట్రాల వారీగా చదవవచ్చు. ఆ మాటలను చదివేటప్పుడు, అడిగినవారిలో ఎక్కువమంది తెల్లవారనీ, చెప్పినవారు ఆకలి రోజుల్లో, భయం మధ్య మాట్లాడారనీ గుర్తుంచుకుని, చెప్పకుండా ఆపేసిన చోట్లను కూడా చదవాలి.

రద్దు తరువాతి కాగితాలు: షుగర్ ల్యాండ్ ఉదాహరణ

బానిసత్వం 1865లో ముగిసిందని చదివి అక్కడితో పుస్తకం మూసేవారు అసలు వారసత్వాన్ని చూడలేరు. బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణే, నేరానికి శిక్షగా తప్ప అన్న మినహాయింపు పెట్టింది. వెంటనే దక్షిణాది రాష్ట్రాలు పని లేకుండా తిరగడం, యజమానిని వదిలి వెళ్లడం వంటి వాటిని నేరాలుగా మార్చి, నల్లజాతి వారిని అరెస్టు చేసి, ఖైదీలను తోటలకూ గనులకూ రైలు కంపెనీలకూ అద్దెకిచ్చాయి. బానిసను కొన్నవాడికి పెట్టుబడి పోతుందన్న భయమైనా ఉండేది, అద్దె ఖైదీ చనిపోతే మరొకడు వచ్చేవాడు.

టెక్సాస్‌లో 1878లో కన్నింగ్‌హామ్, ఎల్లిస్ అనే ఇద్దరు తోటల యజమానులు రాష్ట్రంలోని ఖైదీలందరినీ గుత్తకు తీసుకుని, బ్రాజోస్ నదీతీరపు చెరకు పొలాల్లో పనిచేయించారు. ఇవాళ మనవారు వేల సంఖ్యలో ఉంటున్న షుగర్ ల్యాండ్ ఆ పొలాల మీద లేచిన ఊరు. 2018లో అక్కడ ఒక పాఠశాల భవనానికి పునాదులు తవ్వుతుండగా 95 మంది ఎముకలు బయటపడ్డాయి. వారిలో పద్నాలుగేళ్ల పిల్లవాడి నుంచి డెబ్బై ఏళ్ల వృద్ధుడి వరకు ఉన్నారు, ఒక స్త్రీ కూడా ఉంది. సమాధుల మీద పేర్లు లేవు. ఆ ప్రాంతంలో ఖైదీల శ్మశానం ఉండి తీరుతుందని, ఒకప్పుడు అక్కడి జైలులో కాపలాదారుగా పనిచేసిన రెజినాల్డ్ మూర్ అనే వ్యక్తి అప్పటికి ఎన్నో ఏళ్లుగా అధికారులను హెచ్చరిస్తూ వచ్చాడు. అతని చేతిలో ఉన్నవి పాత పటాలు, జైలు నివేదికలు, ఇంగితం మాత్రమే. అవశేషాలను 2019లో అదే స్థలంలో తిరిగి ఖననం చేశారు, మూర్ 2020లో కన్నుమూశాడు.

మీ ఊరిలో ఇటువంటి చరిత్ర ఉందో లేదో చూడాలంటే మూడు సంగతులు వెతకండి. రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఖైదీల రిజిస్టర్లు, వాటిలో నేరం అన్న గడిలో ఏం రాశారో, ఎన్నేళ్లు వేశారో చూడండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పాత వార్తాపత్రికల భాండాగారంలోనూ, టెక్సాస్ అయితే నార్త్ టెక్సాస్ విశ్వవిద్యాలయం నడిపే చరిత్ర పోర్టల్‌లోనూ మీ కౌంటీ పేరుతో పాటు ఖైదీల శిబిరం అన్న అర్థం వచ్చే పాత మాటలు వేసి వెతకండి. పాత స్థలాకృతి పటాలను నేటి ఉపగ్రహ చిత్రంతో పక్కపక్కన పెట్టి, శ్మశానం అని గుర్తు ఉన్న చోట ఇప్పుడు ఏముందో చూడండి. కమ్యూనిటీ పేరులో ప్లాంటేషన్ అన్న మాట ఉంటే అది డెవలపర్ పెట్టిన అలంకారమా, నిజంగా అక్కడ ఒక తోట ఉండేదా అన్నది కూడా ఈ పటాలే చెబుతాయి.

ఈ వారసత్వం పాతబడిన కథ కాదని తెలియాలంటే నేటి చట్టం వైపు కూడా ఒకసారి చూడాలి. టెక్సాస్, జార్జియా జైళ్లలో ఇవాళ్టికీ ఖైదీలు చేసే చాలా పనులకు కూలి లేదు. కొలరాడో 2018లో, నెబ్రాస్కా, యూటా 2020లో తమ రాష్ట్ర రాజ్యాంగాల నుంచి శిక్షగా తప్ప అన్న మినహాయింపును ఓటింగు ద్వారా తీసేశాయి. 2024లో కాలిఫోర్నియా ఓటర్లు అటువంటి ప్రతిపాదనను తిరస్కరించారు. ఈ ఓట్లలో పాల్గొనే హక్కు ఉన్న తెలుగు పౌరులు బ్యాలెట్ మీద అటువంటి ప్రశ్న వచ్చినప్పుడు దాని వెనుక ఏముందో తెలిసి ఓటు వేయాలన్నది నా కోరిక.

రెండు లెక్కలను పక్కపక్కన పెట్టడం

కొన్ని ఊళ్లలో ఆనవాలు లేకపోవడమే ఆనవాలు. ఫోర్సైత్ కౌంటీలో 1910 జనాభా లెక్క ప్రకారం 1,098 మంది నల్లజాతి వారున్నారు, 1920 లెక్కకు ఆ సంఖ్య దాదాపు అడుగంటింది. ఆ రెండు లెక్కల మధ్య, 1912 సెప్టెంబరులో, ఒక తెల్లజాతి యువతి మీద జరిగిన దాడి తరువాత రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి వ్యక్తిని మూక చంపింది, అక్టోబరులో ఇద్దరు నల్లజాతి కుర్రవాళ్లను ఉరితీశారు, రాత్రివేళ గుర్రాల మీద తిరిగే గుంపులు ఇళ్లకూ చర్చిలకూ నిప్పు పెట్టి మిగిలిన కుటుంబాలను కౌంటీ దాటించాయి. వెళ్లినవారిలో కొందరు భూమిని అయినకాడికి అమ్ముకున్నారు, కొందరు అమ్మకుండానే వెళ్లిపోతే పొరుగువారు దాని మీద పన్ను కట్టి క్రమంగా సొంతం చేసుకున్నారు. 1987 జనవరిలో పౌరహక్కుల కార్యకర్తలు అక్కడ చిన్న ప్రదర్శన చేస్తే రాళ్లు విసిరారు, వారం తరువాత సుమారు 20 వేల మంది తరలివచ్చి నడిచారు. 2020 నాటికి అదే కౌంటీ జనాభా రెండున్నర లక్షలు దాటింది, అందులో భారతీయులు, ముఖ్యంగా తెలుగువారు గణనీయంగా ఉన్నారు.

1912 ఘటన బానిసత్వం ముగిసిన 47 ఏళ్లకు జరిగింది కదా, దీన్ని దాని వారసత్వం అనవచ్చునా అని అడిగేవారుంటారు. తరిమివేయబడినవారు విముక్తుల పిల్లలు, మనుమలు. వారు ఒక తరంలో పొలం కొని, చర్చి కట్టి, పన్ను కట్టే స్థితికి వచ్చారు, మనిషిని ఆస్తిగా చూసిన సమాజం ఆ మనిషి ఆస్తిపరుడు కావడాన్ని సహించలేకపోయింది. 1865 జనవరిలో ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ తీరప్రాంతపు నేలను విముక్త కుటుంబాలకు 40 ఎకరాల మించకుండా పంచమని ఆదేశిస్తే, ఆ ఏడాదే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ దాన్ని తిప్పివేసి నేలను పాత యజమానులకు ఇప్పించాడు. 1862లో రాజధాని వాషింగ్టన్‌లో బానిసలను విడిపించినప్పుడు ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది, అయితే ఆ తలకు 300 డాలర్ల వరకు ముట్టింది యజమానులకు. ఫోర్సైత్‌లో జరిగినదాన్ని ఈ వరుసలో పెట్టి చూడాలి.

మీ కౌంటీకి ఈ పరీక్ష చేయడం సులభం. 1870 నుంచి 1950 వరకు ప్రతి పదేళ్ల లెక్కలో నల్లజాతి జనాభాను ఒక కాగితం మీద వరుసగా రాయండి. ఎక్కడైనా పదేళ్లలో సంఖ్య హఠాత్తుగా పడిపోతే ఆ దశాబ్దపు వార్తాపత్రికలను వెతకండి. పడిపోవడానికి పత్తి ధర, పురుగు, ఉత్తరాది కర్మాగారాల కూలి కూడా కారణాలు కావచ్చు కాబట్టి ఒక్క సంఖ్యను చూసి తీర్పు ఇవ్వకూడదు, పొరుగు కౌంటీల సంఖ్యలతో పోల్చాలి. చుట్టూ ఉన్న కౌంటీలు నిలకడగా ఉండి మీదొక్కటే ఖాళీ అయితే, అక్కడ ఏదో జరిగింది.

ఉత్తరాదిలో ఉన్నవారికి

ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో ఉండేవారు ఇది దక్షిణాది సంగతి అనుకోవడం సహజమే గాని, అది నిజం కాదు. న్యూజెర్సీ 1804లో క్రమవిముక్తి చట్టం చేసింది. దాని ప్రకారం ఆ తరువాత పుట్టిన బిడ్డలు ఆడపిల్లలైతే 21 ఏళ్లు, మగపిల్లలైతే 25 ఏళ్లు తల్లి యజమానికి పనిచేశాకే స్వతంత్రులు. 1860 లెక్కలో కూడా ఆ రాష్ట్రంలో 18 మంది జీవితకాల సేవకుల పేరుతో బానిసలుగానే నమోదయ్యారు. ఎడిసన్ ఉన్న మిడిల్‌సెక్స్ కౌంటీలో 1818లో జేకబ్ వాన్ వికిల్ అనే న్యాయమూర్తి, పిల్లలతో సహా పదుల సంఖ్యలో నల్లజాతి వారు ఇష్టపూర్వకంగా వెళుతున్నట్టు కాగితాలు సృష్టించి వారిని లూసియానాకు పంపించాడు. న్యూయార్క్‌లో బానిసత్వం 1827 దాకా సాగింది, 1991లో మన్‌హాటన్‌లో ప్రభుత్వ భవనం కోసం తవ్వినప్పుడు బయటపడిన ఆఫ్రికన్ శ్మశానంలో 419 మంది అవశేషాలు దొరికాయి. ఉత్తరాదిలో వెతకవలసిన రికార్డులు బానిసల పుట్టుక నమోదులు, విముక్తి పత్రాలు, పరారీ ప్రకటనలు. పరారీ ప్రకటనలను కార్నెల్ విశ్వవిద్యాలయం సేకరించి అందరికీ అందుబాటులో ఉంచింది.

ఇంటి దస్తావేజు, ఎర్ర గీత, బడి రేటింగు

మన దగ్గర ఇల్లు కొనేముందు ఈసీ తీయించి లింకు దస్తావేజులు వెనక్కి వెనక్కి చదివినట్టే, అమెరికాలో మీ ఇంటి స్థలానికి కూడా చదవండి. 1910 నుంచి 1950 మధ్య ప్లాట్లు వేసిన ప్రాంతమైతే మూల దస్తావేజులోనో, సబ్‌డివిజన్ నిబంధనల్లోనో ఈ స్థలాన్ని తెల్లవారికి తప్ప ఇతరులకు అమ్మరాదు, అద్దెకివ్వరాదు అన్న షరతు ఉండే అవకాశం ఉంది, ఇంట్లో పనిచేసే సేవకులకు మాత్రం మినహాయింపు ఉండేది. కొన్నిచోట్ల ఆ జాబితాలో ఆసియా వాసులనూ, హిందువులు అన్న పేరుతో భారతీయులనూ చేర్చారు. 1790 చట్టం పౌరసత్వాన్ని స్వతంత్రులైన తెల్లవారికే పరిమితం చేసింది, 1923లో సుప్రీంకోర్టు భారత్ నుంచి వలస వచ్చిన భగత్ సింగ్ థింద్ తెల్లవాడు కాడని తేల్చి పౌరసత్వం నిరాకరించింది. బానిసల కోసం గీసిన గీత మనల్నీ బయటే నిలబెట్టింది. 1964, 1965ల పౌరహక్కుల చట్టాలను సాధించిన ఉద్యమమే 1965 అక్టోబరు నాటి వలస చట్టానికి దారి వేసింది, మనవారి విమానాలు దిగింది ఆ తరువాతే.

ఆ షరతులను కోర్టులు అమలు చేయరాదని సుప్రీంకోర్టు 1948లో చెప్పింది, 1968 గృహ చట్టం వివక్షను నిషేధించింది. కాగితం మీద మాట మాత్రం చాలా చోట్ల అలాగే ఉంది. మినియాపోలిస్‌లో అటువంటి షరతులను మిన్నెసోటా విశ్వవిద్యాలయం పటం మీద గుర్తించింది. మీ ఊరికి అటువంటి పటం లేకపోతే కౌంటీ క్లర్క్ వెబ్‌సైటులో మీ సబ్‌డివిజన్ పేరు, ప్లాటు సంఖ్యతో వెతకాలి.

దీనితో పాటు రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం ఉచితంగా పెట్టిన 1930ల గృహరుణ పటాలను, అంటే ఏ వాడలో ఇంటికి రుణమివ్వడం ఎంత ప్రమాదమో రంగులతో గుర్తించిన పటాలను చూడండి. రెండు వందలకు పైగా నగరాలకు ఇవి ఉన్నాయి. ఆకుపచ్చ మేలైనది, నీలం పరవాలేదు, పసుపు దిగజారుతోంది, ఎరుపు ప్రమాదకరం. పటం మీద వార్డును నొక్కితే ఆనాటి ఉద్యోగి రాసిన వివరణ వస్తుంది, అందులో నల్లజాతి వారి శాతానికి ఒక గడి ఉంటుంది. పటమే అన్నిటికీ మూలమని అనుకోవద్దు. విభజన అంతకు ముందే ఉంది, ఆ పటాల కన్నా 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ సంస్థ ఇచ్చే గృహరుణ హామీల నిబంధనలే నల్లజాతి కుటుంబాలను చౌక రుణాలకు దూరంగా ఎక్కువ కాలం ఉంచాయి. ఆ తరువాత 1956 చట్టంతో వచ్చిన జాతీయ రహదారులు ఎక్కడి నుంచి పోయాయో కూడా అదే పటం మీద గీసి చూడండి. సెయింట్ పాల్‌లో రోండో, మయామీలో ఓవర్‌టౌన్, న్యూ ఆర్లీన్స్‌లో క్లెయిబోర్న్ వీధి, అన్నీ నల్లజాతి వారి వ్యాపార వాడలే.

మనవారు ఇల్లు కొనేటప్పుడు మొదట చూసేది బడి రేటింగు. ఆ అంకె ఎలా పుడుతుందో అడగండి. బడి నిధుల్లో పెద్ద వాటా స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది, ఆస్తి విలువ పైన చెప్పిన గీతల మీద పెరిగింది. శాన్ ఆంటోనియోలోని పేద బడి పరిధి తల్లిదండ్రులు వేసిన కేసులో 1973లో సుప్రీంకోర్టు, నిధుల అసమానత రాజ్యాంగ విరుద్ధం కాదన్నది. 1974లో డెట్రాయిట్ కేసులో, శివారు బడి పరిధులను నగరంతో కలిపి పిల్లలను పంచనవసరం లేదన్నది. బడుల్లో జాతిని బట్టి పిల్లలను వేరుచేయడం చెల్లదన్న 1954 సుప్రీంకోర్టు తీర్పు విప్పిన ముడిని ఈ రెండు తీర్పులు ఊరి సరిహద్దు దగ్గర మళ్లీ వేశాయి.

2022 ఫెడరల్ రిజర్వ్ సర్వే ప్రకారం తెల్లజాతి కుటుంబపు మధ్యస్థ సంపద 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది 44,900 డాలర్లు. దీన్ని చూసి మేము రెండు సూట్‌కేసులతో వచ్చి ఇల్లు కట్టుకున్నాం, వారెందుకు కట్టుకోలేరు అని మన కూటముల్లో వినిపించే మాట నాకు బాధ కలిగిస్తుంది. ఆ సూట్‌కేసులో ప్రభుత్వ కళాశాలలో చౌకగా చదివిన ఇంజనీరింగ్ పట్టా ఉంది, చదువుకున్నవారికే తలుపు తెరిచే వీసా ఉంది, మనం రాకముందే కొట్టివేయబడిన షరతులు ఉన్నాయి.

ఆసుపత్రిలో

మన వైద్యులు అమెరికాలో ఎంతోమంది ఉన్నారు కాబట్టి ఈ భాగం వారికి. 1851లో లూసియానా వైద్యుడు శామ్యూల్ కార్ట్‌రైట్ బానిసల ఊపిరితిత్తుల సామర్థ్యం తక్కువనీ, పొలం పని వారికి ఆరోగ్యకరమనీ రాశాడు. ఊపిరితిత్తుల పరీక్ష యంత్రాల్లో జాతిని బట్టి సర్దుబాటు చేసే పద్ధతి ఆ ఆలోచన వెంట వచ్చి, 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ జాతి ప్రసక్తి లేని సమీకరణాలను సిఫారసు చేసేదాకా సాగింది. మూత్రపిండాల పరీక్ష నివేదికల్లో ఆఫ్రికన్ అమెరికన్లకు ఒకటి, ఇతరులకు ఒకటి అని రెండు అంకెలు ముద్రించడం 2021 సిఫారసుల తరువాతే తగ్గింది. ఆఫ్రికన్ అమెరికన్లకు వేసే అంకె హెచ్చుగా ఉండి మూత్రపిండాలు మెరుగ్గా ఉన్నట్టు చూపడం వల్ల నల్లజాతి రోగులు మార్పిడి జాబితాలో ఆలస్యంగా చేరారు. మీ ఆసుపత్రి ఏ సమీకరణం వాడుతోందో ప్రయోగశాలను అడగండి, పాత నివేదికలున్న రోగులకు కొత్త లెక్క వేసి చూడండి. 2022లో లక్ష ప్రసవాలకు నల్లజాతి తల్లుల మరణాలు 49.5, తెల్లజాతి తల్లుల మరణాలు 19. నొప్పిగా ఉందన్న స్త్రీ మాటను నమ్మకపోవడం అందులో ఎంత భాగమో ప్రసూతి విభాగంలో పనిచేసేవారికి తెలుసు.

ప్రదేశాలు, మనుషులు, పిల్లలు

చూడవలసిన ప్రదేశాల్లో నేను ముందు చెప్పేవి అలబామాలోని మాంట్‌గొమరీలో మూకల చేతుల్లో హతమైన నల్లజాతి వారి స్మారకం, లూసియానాలో బానిసల జీవితం మీదే దృష్టి పెట్టిన విట్నీ తోట, 2023లో చార్ల్‌స్టన్‌లో ఓడరేవు గట్టు మీదే తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం. వేరే ఏ తోట భవనానికి వెళ్లినా టికెట్ కొనేముందు బానిసల ఇళ్లు చూపిస్తారా, వారి పేర్లు చెబుతారా అని అడగండి. ఝూమరు దీపాలు, పింగాణీ పళ్లేలు మాత్రమే చూపించే యాత్రకు పిల్లలను తీసుకువెళ్లడం కన్నా వెళ్లకపోవడం మేలు.

కాగితం చెప్పనిది మనుషులు చెబుతారు, కానీ పనిచేసే చోట పక్క కుర్చీలోని నల్లజాతి సహోద్యోగిని మీ తాతల కథ చెప్పమని అడగడం మర్యాద కాదు. పాత చర్చిల వార్షికోత్సవ సంచికల్లో, జూన్ 19 నాడు జరిగే విముక్తి దినోత్సవాల్లో, వంశచరిత్ర సంఘాల సమావేశాల్లో చెప్పాలనుకునేవారు తామే చెబుతారు. అక్కడికి వెళ్లి వినండి, మీకు దొరికిన పుట సంఖ్యలు ఇవ్వండి. మన వెట్టిచాకిరీ, అంటరానితనం సంగతులతో పోలిక వారు అడిగితే చెప్పండి. ఆ పోలికకు పునాది లేకపోలేదు. జ్యోతిరావ్ ఫూలే 1873లో తన పుస్తకాన్ని బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితం ఇచ్చారు, అంబేడ్కర్ 1946లో నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. అయితే మన ఊరి వాడల సంగతి మనం నిజాయితీగా మాట్లాడగలిగినప్పుడే ఆ పోలికకు విలువ. కోరమండల్ తీరంలో నేసిన నూలుబట్టలను ఐరోపా వర్తకులు పడమటి ఆఫ్రికాలో మనుషులను కొనడానికి మారకంగా వాడారన్నది కూడా పిల్లలకు చెప్పవలసిన సంగతే.

పిల్లల పాఠ్యపుస్తకాన్ని మీరు కూడా చదవండి. 2015లో టెక్సాస్‌లో ఒక భూగోళ పుస్తకం ఆఫ్రికా నుంచి తెచ్చినవారిని కార్మికులు అని రాస్తే, ఒక విద్యార్థి తల్లి గమనించి బయటపెట్టాకే ప్రచురణకర్తలు సవరించారు.

దొరికినదాన్ని ఏం చేయాలి

దస్తావేజులో జాతి షరతు దొరికితే దాన్ని చెల్లదని ప్రకటిస్తూ పత్రం దాఖలు చేసే వీలు కొన్ని రాష్ట్రాలు కల్పించాయి, మిన్నెసోటాలో 2019 నుంచి ఉంది, కాలిఫోర్నియాలో కౌంటీ అధికారులే పాత పత్రాలను వెతికి సవరించాలని 2021 చట్టం చెప్పింది. దాఖలు చేసినా పాత పుట ప్రతిని దాచండి, చెరిపివేసిన రుజువు ఎవరికీ ఉపయోగపడదు. హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం నిబంధనల్లో ఉంటే సర్వసభ్య సమావేశంలో పెట్టండి.

గుర్తు లేని శ్మశానం ఉందని అనుమానం వస్తే తవ్వకండి, ఫొటోలు తీసి స్థానం గుర్తించి రాష్ట్ర చారిత్రక సంఘానికి రాయండి, వారసుల సంఘం ఉంటే ముందుగా వారికే చెప్పండి. పక్క స్థలంలో నిర్మాణం రాబోతోందంటే నగర ప్రణాళికా సంఘం బహిరంగ విచారణ తేదీని తమ వెబ్‌సైటులో ముందే ప్రకటిస్తుంది. పునాది పడ్డాక చేసే ఫిర్యాదు కన్నా అనుమతి ఇవ్వకముందు ఆ విచారణలో చెప్పే మాటకు బలం ఎక్కువ. అక్కడ మాట్లాడడానికి సాధారణంగా పౌరసత్వం అడగరు, ఆ ఊరి నివాసి అయితే చాలు. మాట్లాడే సమయం కొన్ని నిమిషాలే ఇస్తారు కాబట్టి పాత పటం, వార్తాపత్రిక పుట, మదింపు జాబితా నకళ్లను సభ్యులందరికీ సరిపోయేటన్ని తీసుకువెళ్లి, వాటిని రికార్డులో చేర్చమని పేరు చెప్పి అడగండి.